మొదటి మిర్రర్‌లెస్ కెమెరా, దానికి తగిన లెన్సు: గుణుపురం నుండి ఒక ప్రశ్న

గుణుపురం మాస్టారు
సభ్యులందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో గణితం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఇన్నాళ్లూ ఫోనుతోనే ఫోటోలు తీస్తూ వచ్చాను. ఇప్పుడు ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకోగల రకం) కొనాలని నిశ్చయించుకుని, 85 వేల రూపాయలు పక్కన పెట్టుకున్నాను.

నాకు ముఖ్యంగా రెండు పనులు ఉన్నాయి. పుట్టాసింగి వైపు సవర పల్లెల్లో నా పూర్వ విద్యార్థుల ఇళ్లకు వెళ్లినప్పుడు, ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేసిన ఇడితాల్ చిత్రాలను ఇంటివారి అనుమతితో శ్రద్ధగా తీసి, ఒక ప్రతి వారికే ఇవ్వాలన్నది మొదటి కోరిక. నేను చూసిన ఇళ్లలో వెలుగు తలుపు గుండా మాత్రమే లోపలికి వస్తుంది. ఫోనులో తీస్తే గుర్రాలూ మనుషులూ చెట్లూ ఉన్నట్టే కనిపిస్తాయి కానీ, పెద్దది చేసి చూసేసరికి సన్నని గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, గోడకు మైనం పూసినట్టు ఉంటుంది. రెండవది పాఠశాల వార్షికోత్సవం. అందులో మా అమ్మాయి నృత్యం చేస్తుంది. ఫోనులో దాని చేతులు ప్రతిసారీ అలికినట్టు వస్తున్నాయి.

బస్సులో వెళ్లి, ఆపై నడిచి వెళ్లే ప్రయాణాలు కాబట్టి బరువు తక్కువ ఉండాలి. మోడళ్ల పేర్లు చదివిన కొద్దీ అయోమయం పెరుగుతున్నది. ఏది కొనమంటారు?

జయపురం దారి
మాస్టారూ, నేను సోనీ ఏ6400 మూడేళ్లుగా వాడుతున్నాను. 2019లో వచ్చిన మోడల్ అయినా, మనిషి కన్నును పట్టుకుని ఫోకస్ వదలకపోవడంలో నన్ను ఇంతవరకు నిరాశపరచలేదు. సోనీ ఈ-మౌంట్‌కు (లెన్సు బిగించే సోనీ అమరిక) సిగ్మా, టామ్రాన్ వంటి ఇతర కంపెనీల లెన్సులు ఎన్నో ఏళ్లుగా వస్తున్నాయి కాబట్టి పాత లెన్సులు కూడా సులభంగా దొరుకుతాయి. సిగ్మా 30 ఎం.ఎం. ఎఫ్ 1.4 లెన్సు తీసుకుంటే చీకటి గది అన్న మాటే మర్చిపోవచ్చు. ఎం.ఎం. సంఖ్య పెరిగిన కొద్దీ దృశ్యం దగ్గరగా, ఇరుకుగా వస్తుంది; ఎఫ్ సంఖ్య తగ్గిన కొద్దీ వెలుగు ఎక్కువ వస్తుంది. లోపాలు కూడా చెప్పాలి కదా: దీని బ్యాటరీ పాత తరానిది, చార్జింగ్ రంధ్రం ఇప్పటి ఫోన్లకు ఉండే టైప్-సి కాదు, బాడీలో (లెన్సు కాక మిగిలిన కెమెరాలో) చేతి వణుకును సరిచేసే ఏర్పాటు లేదు.

ఇదే సొమ్ముకు సోనీదే జడ్‌వీ-ఈ10 కూడా వస్తుందని కొందరు చెబుతారు. దానికి వ్యూఫైండర్ లేదు. మన కొండ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం ఎండలో వెనుక తెర మీద ఏమీ కనిపించదు. కన్ను ఆనించి చూసే వీలు లేకపోతే అంచనా మీద తీయవలసి వస్తుంది. ఫోటోల కోసమే కొనేవారికి నేను దానిని సూచించను. నికాన్ జడ్30, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-ఎం5 విషయంలో కూడా నాది అదే మాట.

పర్లాకిమిడి స్టూడియో
తమ్ముడు ఏ6400 గురించి చెప్పింది నిజమే. ఇరవై ఏళ్లకు పైగా పెళ్లిళ్లు తీస్తున్న అనుభవంతో నేను వేరే వరుసలో ఆలోచించమంటాను. మొదట బాడీ ఎంచుకుని, మిగిలిన డబ్బుతో లెన్సు చూసుకోవడం మనవాళ్లందరూ చేసే పొరపాటు. నేడు దొరికే 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (వెలుగును పట్టే సెన్సర్ మధ్యరకం పరిమాణంలో ఉండే) బాడీలన్నీ మీ పనికి సరిపోతాయి. మీ గదిలో ఎంత వెలుగు ఉంది, గోడకు ఎంత దూరంలో నిలబడగలరు, వేదికకు ఎంత దూరంలో కూర్చుంటారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే లెన్సు తెలుస్తుంది, లెన్సు తెలిస్తే బాడీ దానంతట అదే తేలుతుంది.

కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే కిట్ లెన్సును చూడండి. కెనన్ ఆర్50తో వచ్చే 18-45 ఎం.ఎం. లెన్సు తేలికగా, బయటి వెలుగులో చక్కగా పనిచేస్తుంది. వెలుగు వచ్చే దాని ద్వారం మాత్రం 18 దగ్గర ఎఫ్ 4.5, 45 దగ్గర ఎఫ్ 6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 1.8 ఉన్న లెన్సు, ఎఫ్ 6.3తో పోలిస్తే సుమారు 12 రెట్లు వెలుగును లోపలికి తెస్తుంది. మీరు గణితం చెప్పేవారు కనుక వివరం అక్కరలేదు: 6.3ను 1.8తో భాగించి వర్గం చేయండి. ఐఎస్ఓను (కెమెరా వెలుగుకు స్పందించే స్థాయి; పెంచిన కొద్దీ ఫోటో గరుకవుతుంది) 12800 పెట్టవలసిన చోట వెయ్యితో సరిపెట్టుకోగలగడం అంటే, ఇసుక చల్లినట్టున్న ఫోటోకూ ప్రింటు వేయించుకోదగిన ఫోటోకూ ఉన్న తేడా.

అందువల్ల బాడీ మాత్రమే కొని, దానికి సిగ్మా 18-50 ఎం.ఎం. ఎఫ్ 2.8 జోడించమని నా సలహా. 2024 నుండి అది కెనన్ ఆర్ఎఫ్ మౌంట్‌లో కూడా వస్తున్నది. ఎర్ర దుమ్ములో లెన్సులు మార్చే బాధ ఉండదు. మీ అంచనా వ్యయం దాటవచ్చు కానీ, ఒక్కసారి పెట్టిన ఖర్చు పదేళ్లు నిలుస్తుంది.

నాగావళి గట్టు
మాస్టారూ, రాయగడ నుండి రాస్తున్నాను. ఏది కొనాలో చెప్పే ముందు, నేను చేసిన రెండు తప్పులు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మొదటి కెమెరాను ఒక పెద్ద నగరంలో, బిల్లు లేకుండా, ఎనిమిది వేలు తక్కువకు వస్తున్నదని కొన్నాను. ఏడు నెలలకు షట్టర్ ఆగిపోయింది. మన దేశంలో అమ్మకానికి వచ్చిన సరుకు కాదు కనుక వారంటీ వర్తించదని చెప్పారు. మరమ్మతుకు అయిన ఖర్చు నేను మిగుల్చుకున్న దానికంటే ఎక్కువ. మీరు ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, భారతదేశపు వారంటీ కార్డు, బాడీ అడుగున ఉన్న సీరియల్ సంఖ్య ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోయేలా చూసుకుని గానీ దుకాణం గడప దాటవద్దు.

రెండవది వానాకాలం. లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో ఉంచాను. దసరాకు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, ముందు అద్దం లోపలి వైపు, అంచు నుండి నడిమికి, సాలెపురుగు దారాల వంటి తెల్లని పోగులు పాకి ఉన్నాయి. అది ఫంగస్. పైపైన తుడిస్తే పోదు, అద్దం విప్పాలి. ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, లోపల చిన్న తేమమాపకం ఉంచి, 40 నుండి 50 శాతం మధ్య నిలుపుతున్నాను. సిలికా జెల్ రంగు మారగానే మూకుడులో సన్నని మంట మీద వేడి చేసి మళ్లీ వాడుకుంటాను. నాగావళి గట్టునా కొండల నడుమా ఉండేవారు కెమెరా కొన్న రోజే ఈ డబ్బాను కూడా కొనాలి.

ఇంకొక మాట. ఎవరైనా తక్కువ ధరకు పాత కెనన్ ఎం50 ఇస్తామంటే తొందరపడవద్దు. కెమెరా మంచిదే, నేనూ వాడాను. కానీ ఆ ఈఎఫ్-ఎం మౌంట్‌ను కంపెనీ ఆపివేసింది; దాని లెన్సులు కొత్త ఆర్ఎఫ్ బాడీలకు ఎక్కవు. రేపు బాడీ మార్చాలంటే అన్నీ మార్చాలి.

బరంపురం పాఠకుడు
కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. చర్చ చదివిన తరువాత నాకొక సంగతి తోచింది. అందరూ వెలుగును అందుకునే లెన్సు గురించే మాట్లాడుతున్నారు. మాస్టారు చెప్పిన రెండు పనులూ ఒకటే సమస్య అని మనం అనుకోవడం వల్ల ఇలా జరిగింది. గోడ కదలదు. పిల్ల కదులుతుంది.

ముందు గోడ సంగతి. ఆ గదిలో ఎఫ్ 5.6 దగ్గర, ఐఎస్ఓ 6400 పెట్టినా షట్టర్ సెకనులో 15వ వంతు దాకా తెరిచి ఉంచవలసి వస్తుందని అనుకుందాం. తలుపు వెలుగు మాత్రమే ఉన్న గదిలో అది వింత కాదు. చేతితో పట్టుకుంటే గీతలు కదులుతాయి, ఐఎస్ఓ వల్ల మైనం పూసినట్టు అవుతుంది. అదే కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద బిగించి ఐఎస్ఓను 100కు దించితే 64 రెట్లు ఎక్కువ సమయం కావాలి, అంటే నాలుగు సెకన్ల పైచిలుకు. గోడకు తొందర లేదు. రెండు సెకన్ల టైమర్ పెట్టి, బటన్ నొక్కి చేయి తీసేయండి. కిట్ లెన్సుతోనే పిండి గీతలో వేలి కదలిక దాకా కనిపిస్తుంది. దీనికి ఖరీదైన లెన్సు అవసరం లేదు. గట్టి స్టాండు కావాలి.

దూరం లెక్క కూడా వేసుకోండి. కెనన్ ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు 22.3 ఎం.ఎం. గోడకు పది అడుగుల దూరంలో నిలబడితే, 50 ఎం.ఎం. లెన్సు గోడలో నాలుగున్నర అడుగుల వెడల్పు మాత్రమే చూపుతుంది, 30 ఎం.ఎం. ఏడున్నర అడుగులకు కొంచెం తక్కువ, 24 ఎం.ఎం. తొమ్మిది అడుగుల పైన. చిన్న గదిలో పది అడుగుల దూరం దొరకడమే కష్టం కాబట్టి, 50 ఎం.ఎం. ఒక్కటే కొన్నవారు అక్కడ నిస్సహాయులవుతారు. మరీ 18 దగ్గర తీయకండి. అంచుల్లో గోడ వంగినట్టు వస్తుంది, దానిని సాఫ్ట్‌వేర్ సరిచేయాలి.

ఫ్లాష్ వద్దు. ఎదురు వెలుగులో మట్టిపూత గరుకుదనం పోయి గోడ చదునైపోతుంది. తలుపు వైపు నుండి ఏటవాలుగా వచ్చే వెలుగే ఆ గరుకుదనాన్ని నిలుపుతుంది. దానికంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. ఆ చిత్రం ఇంటికి అలంకారంగా వేసినది కాదు, దేవతలకూ పితరులకూ నివాసంగా వేసినది. అక్కడ ఎంత వెలుగు ఉండాలో, ఎంత సేపు నిలబడాలో చెప్పవలసినది ఆ ఇంటివారే. మాస్టారు అనుమతి గురించి ముందే రాశారు కనుక ఈ మాట గుర్తుచేయడానికే రాస్తున్నాను.

జయపురం దారి
గురువుగారూ, స్టాండు సంగతి నాకు తట్టనే లేదు. సిగ్మా 30 గురించి నేను ఇచ్చిన సలహా గోడకు అనవసరమని ఒప్పుకుంటున్నాను. వేదికకు మాత్రం ప్రకాశవంతమైన లెన్సు తప్పదు కదా?

బరంపురం పాఠకుడు
తప్పదు. నృత్యం చేసే చేతులు అలికినట్టు రాకుండా ఉండాలంటే షట్టర్ సెకనులో 250వ వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదు. స్టాండు ఉన్నా, లెన్సులో వణుకు సరిచేసే ఏర్పాటు ఉన్నా, పిల్ల కదలికను అవి ఆపలేవు. కొత్తగా కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గోడకు పనికిరాని 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు వేదికకు చక్కగా అమరుతుంది: 30 అడుగుల దూరం నుండి 13 అడుగుల పైన వెడల్పు, అంటే నలుగురైదుగురు పిల్లల బృందం. ముందు వరుసలో 15 అడుగుల దూరంలో కూర్చుంటే దానిలో సగం.

పర్లాకిమిడి స్టూడియో
గురువుగారి లెక్క చూశాక నా సలహాను మార్చుకుంటున్నాను. నా పని పెళ్లిమండపం. అక్కడ స్టాండు వేసే చోటూ ఉండదు, లెన్సు మార్చే తీరికా ఉండదు, అందుకే 18-50 నాకు ప్రాణం. మాస్టారి పని వేరు. కెనన్ ఆర్50, దానితో వచ్చే 18-45, విడిగా ఆర్ఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8, ఒక గట్టి స్టాండు. ఆర్50 బ్యాటరీతో సహా 375 గ్రాములు, ఆ 50 ఎం.ఎం. లెన్సు 160 గ్రాములు. ధరలు పండుగల ముందు మారుతుంటాయి కానీ, ఇవన్నీ మీరు అనుకున్న సొమ్ముకు అటూ ఇటూగా వస్తాయి. స్టాండు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఐదారు వందలకు దొరికే ఫోను స్టాండు వద్దు. మధ్య కడ్డీని పైకి లేపకుండానే మీ ఛాతీ ఎత్తుకు వచ్చేది చూసుకోండి. పేడ అలికిన నేల మెత్తగా ఉంటుంది, కాళ్లు బాగా విడదీసి నిలపాలి.

వేదిక దగ్గర మరొక చిక్కు ఉంది. ఇప్పుడు అన్నిచోట్లా ఎల్ఈడీ దీపాలే. వాటిలో చవకరకం దీపాలు మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు వంద సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, ఫోటోలో మాత్రం అడ్డంగా నల్లని పట్టీలు పడతాయి. కెమెరాలో శబ్దం లేని పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్‌ను వేదిక దగ్గర వాడకండి, యాంటీ-ఫ్లికర్ అన్న అమరికను ఆన్ చేయండి. అయినా పట్టీలు వస్తే షట్టర్‌ను సెకనులో 100వ వంతుకు తెచ్చి, నర్తకి ఒక భంగిమలో నిలిచే క్షణం కోసం కాచుకోండి. ప్రతి చరణం చివర అలాంటి క్షణం వస్తుంది. మీ అమ్మాయి అభ్యాసం రెండుసార్లు చూస్తే ఎక్కడ వస్తుందో మీకే తెలుస్తుంది.

గుణుపురం మాస్టారు
అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. పక్షులను కూడా తీయవచ్చని మా తోటి ఉపాధ్యాయుడు 55-210 ఎం.ఎం. లెన్సును జతగా కొనమంటున్నాడు. దానితో వేదిక కూడా దగ్గరగా వస్తుందంటున్నాడు.

పర్లాకిమిడి స్టూడియో
దగ్గరగా వస్తుంది, చీకటిగా కూడా వస్తుంది. 210 దగ్గర దాని ద్వారం ఎఫ్ 7.1. పగటి వెలుగులో మంచి లెన్సే కానీ, రాత్రి వేదికకు పనికిరాదు. లెన్సు జరిపి దగ్గర చేసుకోవడం కంటే కుర్చీ జరిపి దగ్గర చేసుకోండి. ఉపాధ్యాయులకు ముందు వరుస దొరుకుతుంది. పక్షుల సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

నాగావళి గట్టు
ఎరుపు గోడ గురించి ఒక చిన్న సూచన. కెమెరాను ఆటో వైట్ బ్యాలెన్స్‌లో (రంగులను కెమెరాయే సరిచేసే అమరికలో) వదిలేస్తే, ఫ్రేము నిండా ఎరుపే ఉండటం చూసి అది ఆ ఎరుపును తగ్గించి గోడను బూడిద రంగుకు తిప్పుతుంది. గోడ దగ్గర, అదే వెలుగులో ఒక తెల్ల కాగితాన్ని పట్టించి తీసి, దాని ఆధారంగా కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి. ఫైలు రా రూపంలో (కెమెరా మార్పులు చేయని మూల ఫైలుగా) కూడా ఉంచుకోండి. నేను మా ఊరి మజ్జిగౌరమ్మ గుడిలో కుంకుమ రంగు విషయంలో ఇదే ఇబ్బంది పడి నేర్చుకున్నాను.

గుణుపురం మాస్టారు
రెండు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. రైలులో విశాఖపట్నం వెళ్లి ఆర్50, 18-45, 50 ఎం.ఎం. ఎఫ్ 1.8, స్టాండు కొన్నాను. నాగావళి గట్టు గారు చెప్పినట్టు బిల్లు మీది సంఖ్యనూ బాడీ అడుగున ఉన్న సంఖ్యనూ దుకాణంలోనే సరిచూసుకున్నాను. ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమమాపకం కూడా కొన్నాను. మొత్తం మీద అనుకున్న దానికంటే మూడు వేలు ఎక్కువైంది.

వార్షికోత్సవం ఇంకా రాలేదు. అభ్యాసంలో 50 ఎం.ఎం.తో తీసిన ఫోటోల్లో మా అమ్మాయి చేతి వేళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. దాని ముఖం మీద ఫోకస్ నిలిచిన ఫోటోలో వెనుక ఉన్న పిల్ల మసకగా వచ్చింది. బృందమంతా స్పష్టంగా కావాలంటే ద్వారాన్ని ఎఫ్ 2.8కు తగ్గించాలని అర్థమైంది.

పోయిన ఆదివారం పల్లెకు వెళ్లాను. స్టాండు వేసి, గోడకు కెమెరా సరిగ్గా ఎదురుగా ఉండేలా తెర మీది గడుల గీతలను చిత్రం అంచుతో సరిచూసి, ఐఎస్ఓ 100, ఎఫ్ 5.6, 24 ఎం.ఎం. దగ్గర తీశాను. ఆ గదిలో నాలుగు కాదు, ఆరు సెకన్లు పట్టింది. తెర మీద పెద్దది చేసి చూస్తే, ఒక గుర్రపు కాలి దగ్గర పిండి ఎండి పగిలిన సన్నని చీలిక కూడా కనిపించింది. ఇంటి అవ్వకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, పైన ఎడమ మూల చూపించి, చంద్రుణ్ణి సగం కోసేశావు అన్నది. నిజంగానే ఫ్రేము ఆ అంచున సగం చంద్రుడి మీద ఆగిపోయింది. అప్పటికే తలుపు వెలుగు తగ్గిపోయింది కాబట్టి మళ్లీ తీయలేదు. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. ఆమెకు ఇవ్వవలసిన ప్రతి ఏ పరిమాణంలో, ఏ కాగితం మీద వేయించాలో చెప్పగలరా?

పర్లాకిమిడి స్టూడియో
మీ ఫైలు 6000 గుణిస్తే 4000 పిక్సెల్‌లు కాబట్టి 18 గుణిస్తే 12 అంగుళాలకు నిశ్చింతగా వస్తుంది. మెరిసే కాగితం వద్దు. చీకటి ఇంట్లో తలుపు వెలుగు దాని మీద పడి చిత్రం కనిపించదు. మ్యాట్ కాగితం మీద వేయించి, పొయ్యి పొగ తగలకుండా ఫ్రేము కట్టించండి. ఈసారి చుట్టూ ఒక జానెడు గోడ అదనంగా వచ్చేలా తీసి, పూర్తి చంద్రుడున్న ఫైలు నాకు పంపండి. నేను వేసి ఉంచుతాను. గుణుపురం రైలు మా ఊరి మీదుగానే వెళ్తుంది కదా, మీరు వచ్చే రోజు చెబితే స్టేషనులోనే అందిస్తాను.